లెదర్ జాకెట్ హిప్‌హాప్‌ని ఎందుకు వదల్లేదు?

బూమ్‌బాప్_బెజవాడ

అందరికీ నమస్కారం. హిప్‌హాప్‌లో బట్టల మోజు ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. నడుము జారే బ్యాగీ జీన్స్ వచ్చాయి, పోయాయి, ఇప్పుడు మళ్ళీ వస్తున్నాయి. పాత బాస్కెట్‌బాల్ టీముల జెర్సీలు 2000ల మొదట్లో ఒక ఊపు ఊపి మాయమయ్యాయి. 1997లో పఫ్ డాడీ వాళ్ళు వేసిన మెరుపు సూట్లు ఇవాళ ఎవరూ ముట్టుకోరు. లెదర్ జాకెట్ ఒక్కటే నలభై ఏళ్ళుగా రంగం మీద ఉంది. 1980ల ర్యాప్ గ్రూపు రన్-డీఎంసీ, 90ల రాపర్లు టూపాక్, డీఎంఎక్స్, ఇప్పటి రాపర్ ప్లేబోయ్ కార్టీ, ప్రతి తరమూ దాన్ని వేసుకుంది. ప్రతి తరమూ అది తనదే అనుకుంది.

ఎందుకు? "కూల్‌గా ఉంటుంది కాబట్టి" అంటే నాకు సరిపోదు. కూల్‌గా ఉన్నవి చాలానే పోయాయి.

నా అభిప్రాయం ముందు చెప్పేస్తాను. లెదర్ జాకెట్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాలేదు, అందుకే బతికింది. 1986 జులైలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన రన్-డీఎంసీ కచేరీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ బూట్లు పైకెత్తండి అనగానే హాలంతా మూడు గీతల ఆడిడాస్ బూట్లు లేచాయి. అది కళ్ళారా చూసిన కంపెనీ మనిషి వల్ల వాళ్ళకి సుమారు 10 లక్షల డాలర్ల ఒప్పందం దక్కింది. ఆ రాత్రితో ఆ బూటు, ఆ కంపెనీ, ఆ గ్రూపు ఒకటైపోయాయి. వాళ్ళ ఒంటి మీది నల్ల లెదర్‌కి మాత్రం ఎవరూ చెక్కు రాయలేదు. పేటలోని ఏ షాపులోనైనా దొరికేది, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు కొనుక్కునేవాళ్ళు.

మీరేమంటారు?

వైజాగ్_వినైల్

మంచి చర్చ ఎత్తారు. కానీ "రన్-డీఎంసీ నుంచి" అని మొదలుపెడితే ఒప్పుకోను. లెదర్ అంతకు ముందే ఉంది. తొలితరం ర్యాప్ గ్రూపు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ 1982 ప్రాంతంలో దిగిన ఫొటోలు చూడండి. ఇనుప బుడిపెలు కొట్టిన లెదర్, పెద్ద పెద్ద బూట్లు, బొచ్చు. ఫంక్, రాక్ బ్యాండ్ల నుంచి తెచ్చుకున్న స్టేజి వేషం అది.

ఇంకా వెనక్కి వెళ్తే న్యూయార్క్‌లో 1970ల బ్రాంక్స్ గ్యాంగులున్నాయి. బ్లాక్ స్పేడ్స్, సావేజ్ స్కల్స్, ఘెట్టో బ్రదర్స్. చేతులు కోసేసిన డెనిమ్ మీద, లెదర్ మీద, వీపు నిండా గ్యాంగ్ పేరు కుట్టించుకుని తిరిగేవాళ్ళు. ఆ జాకెట్ వేసుకుని పక్క పేటలోకి అడుగుపెడితే గొడవే. 1971లో హో అవెన్యూలో వాళ్ళంతా కూర్చుని సంధి చేసుకున్నాక ఒక పేట పిల్లలు ఇంకో పేటకి వెళ్ళడం కాస్త తేలికైంది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు బిల్డింగులో డీజే కూల్ హెర్క్ పార్టీ, హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే పార్టీ, జరిగే నాటికి అక్కడి కుర్రాళ్ళకి వీపు మీద పేరు రాసుకునే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. తర్వాత వచ్చిన జాకెట్లన్నిట్లోనూ వీపే అసలు జాగా అవడం ఊరికే జరగలేదని నా నమ్మకం.

బూమ్‌బాప్_బెజవాడ

వినైల్ అన్నా, ఫ్యూరియస్ ఫైవ్ మాట నిజమే. అయితే తేడా కూడా అక్కడే ఉంది. వాళ్ళది షో కోసం వేసుకున్న డ్రెస్సు. షో అయిపోగానే విప్పేసేది. ఆ వేషంలో క్వీన్స్ బస్సెక్కే కుర్రాడు ఎవడూ లేడు.

న్యూయార్క్ క్వీన్స్‌లోని రన్-డీఎంసీ పేట హోలిస్‌లో జరిగింది వేరు. గ్రూపులో పాడే రన్, డీఎంసీ ఇద్దరూ మొదట్లో గళ్ళ కోట్లు వేసుకుని స్టేజి ఎక్కారు, అవి వాళ్ళకి అతకలేదు. వాళ్ళ డీజే జామ్ మాస్టర్ జే మాత్రం పేటలో ఎలా తిరిగేవాడో అలాగే వచ్చేవాడు. నల్ల లెదర్, నల్ల టోపీ, లేసుల్లేని తెల్ల బూట్లు. మేనేజర్ రసెల్ సిమన్స్ అతన్ని చూపించి, మీరిద్దరూ ఇతనిలా తయారవ్వండి అన్నాడని అప్పటి వాళ్ళంతా చెప్పే మాట. అంతే, ముగ్గురి రూపం ఖాయమైపోయింది. టీవీలో వాళ్ళని చూసిన కుర్రాడికి తన వీధి చివర నిలబడే అన్నయ్యే కనిపించాడు. స్టేజికీ వీధికీ మధ్య అడ్డం తీసేసిన బట్ట అది. 1984 తర్వాత రాపర్ అనేవాడు వేషం కట్టాల్సిన పని లేకుండా పోయింది.

క్యాసెట్_కాలం

నేను ఇంకో వైపు నుంచి వస్తాను. ఆ నల్ల జాకెట్ హోలిస్ చేరేసరికే దాని మీద బోలెడంత చరిత్ర ఉంది.

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇర్వింగ్, జాక్ అనే అన్నదమ్ములు 1913లో షాట్ బ్రదర్స్ కంపెనీ పెట్టారు. 1928లో మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ కోసం పర్‌ఫెక్టో జాకెట్ తెచ్చారు. ఇర్వింగ్‌కి ఇష్టమైన చుట్ట పేరే దానికి పెట్టుకున్నాడు. అప్పటి ధర 5 డాలర్ల 50 సెంట్లు. ఏటవాలు జిప్పు ఎందుకంటే, బైకు మీద ముందుకు వంగినా పొట్ట దగ్గర మడత పడదు, ఒక అంచు మీద ఇంకో అంచు పడి గాలి లోపలికి దూరదు. 1931లో అమెరికా సైన్యం విమాన చోదకుల కోసం ఏ-2 జాకెట్‌ని ఖాయం చేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ళతో అది ఊళ్ళలోకి వచ్చింది. 1953లో మార్లన్ బ్రాండో సినిమాతో బైకు జాకెట్ అంటేనే పెద్దవాళ్ళు భయపడే స్థితి వచ్చింది. ఇదంతా తెల్లవాళ్ళ కథ.

నల్లవాళ్ళ కథలో పెద్ద మలుపు 1966 అక్టోబర్, ఓక్లాండ్. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసి నల్లవాళ్ళ హక్కుల కోసం బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. నల్ల లెదర్ జాకెట్, లేత నీలం చొక్కా, నల్ల బెరే టోపీ. యూనిఫాం కొనే డబ్బు పార్టీకి లేదు, కానీ ఆ కాలపు కుర్రాళ్ళ దగ్గర నల్ల లెదర్ ఉండనే ఉంది. ఇరవై మంది ఒకేలా నిలబడితే ఎవరూ ఏమీ చెప్పకుండానే అది యూనిఫాం. 1967 మేలో వాళ్ళు తుపాకులతో శాక్రమెంటో శాసనసభకి వెళ్ళినప్పటి ఫొటోలు దేశమంతా చూసింది.

టూపాక్ తల్లి అఫేనీ షకూర్ న్యూయార్క్ పాంథర్. అక్కడి పాంథర్ల మీద పెట్టిన కుట్ర కేసు నుంచి 1971 మేలో నిర్దోషిగా బయటపడింది, జూన్‌లో టూపాక్ పుట్టాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు లెదర్ వేసుకుంటే అందులో అమ్మ తరం కూడా ఉంటుంది. పాటలో ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. బూమ్‌బాప్ గారూ, కంపెనీ సొత్తు కాకపోవడం ఒక కారణమే, ఒప్పుకుంటాను. అంతకంటే బలమైన కారణం నాకు ఇదే.

జెర్సీసిటీ_జూనియర్

అన్నలూ, చదువుతుంటే చాలా బాగుంది. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. చలికాలం చెప్పేదేముంది, హడ్సన్ నది మీద నుంచి గాలి వస్తే రెండు స్వెటర్లు కూడా ఆగవు. ఇక్కడ పాత బట్టల షాపులో అవిరెక్స్ అనే బ్రాండ్ లెదర్ జాకెట్ ఒకటి చూశాను. 90ల నాటిదని చెప్పారు. ఎరుపు, క్రీమ్ రంగులు, వీపు మీద పెద్ద అక్షరాలు. చేతిలోకి తీసుకుంటే అబ్బో, ఎంత బరువో! ఇలాంటి వాటిలో అసలుది, నకిలీది ఎలా గుర్తుపట్టాలి? పైగా చంక దగ్గర కొంచెం కుట్టు ఊడింది. కొనొచ్చా?

సూదీదారం

జూనియర్ తమ్ముడూ, నేను చెన్నైలో లెదర్ గార్మెంట్ ఎక్స్‌పోర్ట్ యూనిట్‌లో కటింగ్ టేబుల్ దగ్గర చాలాకాలం పనిచేశాను. బ్రాండ్ లేబుల్ చూసి మోసపోవద్దు, లేబుల్ ఎవరైనా కుట్టొచ్చు. చేతికీ కంటికీ తెలిసేవి చెప్తాను.

ముందు లోపలి జేబు అంచు గానీ, లైనింగ్ ఊడిన చోటు గానీ వెతుకు. అక్కడ తోలు వెనక వైపు కనిపిస్తుంది. నూగులాగా, పీచుపీచుగా ఉంటే తోలు. గుడ్డ నేత కనిపిస్తే అది గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్. తర్వాత పైభాగాన్ని బొటనవేలితో నొక్కు. నిజమైన తోలు వేలి చుట్టూ సన్నటి గీతలు పడి, వదలగానే సర్దుకుంటుంది. వీపు మీద ఒకచోటా చెయ్యి మీద ఒకచోటా రంధ్రాల తీరు పోల్చు. జంతువు చర్మం కాబట్టి మెడ దగ్గర ఒక రకం, పొట్ట దగ్గర ఒక రకం ఉండాలి. మొత్తం ఒకే అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించు.

బరువు సంగతి. గొర్రె తోలు జాకెట్ మెత్తగా, మిల్లీమీటరు కంటే పల్చగా ఉంటుంది. ఆవు తోలు అంతకంటే మందం. ఆ కాలపు వీధి జాకెట్లు ఎక్కువగా మందపాటి తోలువే. పైగా ఆ అక్షరాలు అచ్చువేసినవి కావు. ఒక్కో అక్షరం వేరే రంగు తోలులో కత్తిరించి, అంచుల్ని చెక్కి పలచన చేసి, జాకెట్ మీద పెట్టి కుట్టినవి. అందుకే అంత బరువు. అంచు పలచన చేయకుండా కుడితే మడత దగ్గర గుట్టలా లేస్తుంది. వేలితో అక్షరం అంచు మీద రాసి చూడు. నున్నగా దిగితే కుట్టినవాడికి పని వచ్చు.

తోలు మీద కుట్టడంలో ఉన్న కష్టం ఒకటి చెప్పాలి. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, తోలు మీద సూది దిగిన చోట రంధ్రం ఉండిపోతుంది. గుండుసూదులు కూడా గుచ్చం, క్లిప్పులో జిగురో వాడతాం. నీ జాకెట్ చంకలో దారం మాత్రమే ఊడిందా, తోలే చిరిగిందా చూడు. దారం ఊడితే పాత రంధ్రాల్లోంచే మళ్ళీ చేత్తో కుట్టించుకోవచ్చు, పెద్ద పని కాదు. తోలు చిరిగి ఉంటే ధర బాగా తగ్గించమను.

వైజాగ్_వినైల్

సూదీదారం గారూ, ఈ వేదికలో నేను చదివిన మంచి పోస్టుల్లో ఇదొకటి. మీరు కుట్టు గురించి రాశారు కాబట్టి న్యూయార్క్ హార్లెమ్ డిజైనర్ డాపర్ డాన్ గురించి చెప్పకుండా ఉండలేను.

అసలు పేరు డేనియల్ డే, 1944లో హార్లెమ్‌లో పుట్టాడు. 1982లో అక్కడే 125వ వీధిలో షాపు తెరిచాడు. మొదట ఫర్ కోట్లు అమ్మేవాడు. పెద్ద హోల్‌సేల్ వ్యాపారులు, ఖరీదైన బ్రాండ్ల వాళ్ళు నల్లవాడికి సరుకు ఇవ్వడానికి ఇష్టపడలేదు. అప్పుడు తనే చేయడం మొదలుపెట్టాడు. తోలు మీద లూయీ వ్యుటాన్, గుచ్చి లాంటి ఖరీదైన బ్రాండ్ల గుర్తులు స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసే పద్ధతి సొంతంగా నేర్చుకున్నాడు. తోలు వంగినప్పుడల్లా రంగు పగలకూడదు, రాసుకుంటే పోకూడదు. అక్కడే చాలామంది ఓడిపోతారు. అతను సాధించాడు. సెనెగల్ నుంచి వచ్చిన దర్జీలు కుట్టేవాళ్ళు. షాపు రాత్రీ పగలూ తెరిచే ఉండేది.

ర్యాప్ జోడీ ఎరిక్ బి, రకీమ్ 1987 ఆల్బమ్ అట్ట మీద వేసుకున్న జాకెట్లు అతను కుట్టినవే. ఆ అట్ట చూడనివాళ్ళు ఒకసారి చూడండి. అలాంటి జాకెట్ గుచ్చి కంపెనీ అప్పటికి ఎన్నడూ చేయలేదు. వాళ్ళు హ్యాండ్‌బ్యాగులు చేసుకునే గుర్తుని ఇతను భుజాలు వెడల్పుగా, చేతులు నిండుగా ఉన్న మగవాడి జాకెట్‌గా మార్చాడు. ఎల్ఎల్ కూల్ జే, బిగ్ డాడీ కేన్, మైక్ టైసన్, అందరూ అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు. 1988లో టైసన్, మిచ్ గ్రీన్ అనే ఇంకో బాక్సర్ కొట్టుకున్నది ఆ షాపు ముందే. ఆ గొడవతో షాపు పేరు పేపర్లకెక్కింది, పెద్ద బ్రాండ్ల లాయర్ల కంట్లో పడింది. దాడుల మీద దాడులు జరిగి 1992లో మూతపడింది. ఫెండీ తరఫున వచ్చిన లాయర్లలో సోనియా సోటోమయోర్ ఉంది, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు జడ్జి అయిన ఆమే.

ఇక మీకు తెలిసిన భాగం. 1989లో డయాన్ డిక్సన్ అనే ఒలింపిక్ పరుగు క్రీడాకారిణికి అతను కుట్టిన బుట్టచేతుల జాకెట్ 2017లో గుచ్చి ఫ్యాషన్ షోలో దాదాపు అచ్చంగా కనిపించింది, వ్యుటాన్ గుర్తుల చోట గుచ్చి గుర్తులతో. జనం గట్టిగా నిలదీశారు. కంపెనీ దిగొచ్చి అతనితో కలిసి పనిచేసింది, 2018లో హార్లెమ్‌లోనే అతనికి మళ్ళీ వర్క్‌షాప్ తెరిచారు. పాతికేళ్ళు అతని చేతిలో షాపు లేదు. ఆ పాతికేళ్ళకి పరిహారం ఎవరూ ఇవ్వలేరు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపమే వస్తుంది.

అట్లాంటా_అక్క

ఇప్పటిదాకా మగవాళ్ళ పేర్లే వచ్చాయి, కాబట్టి నేను అందుకుంటాను. ఆడవాళ్ళ ర్యాప్ గ్రూపు సాల్ట్-ఎన్-పెపా, వాళ్ళ డీజే స్పిండెరెల్లా, 1980ల చివర్లో వాళ్ళు ముగ్గురూ వేసుకున్న ఎరుపు, పసుపు, నీలం, నలుపు జాకెట్లు మర్చిపోతే ఎలా? కింద బిగుతు బట్టలు, పైన తమ కంటే రెండింతలున్న జాకెట్. ఒళ్ళు చూపించాలా దాచాలా అన్నది మా ఇష్టం అని ఆ జాకెట్‌తోనే చెప్పేశారు. ఇవాళ ఆడపిల్లలు ఓవర్‌సైజ్ లెదర్ వేసుకుంటున్నారంటే దారి వేసింది ఈ ముగ్గురే.

చీకటి వైపు కూడా చెప్పుకోవాలి. 1990లో మైకేల్ హోబన్ అనే డిజైనర్ వీపు మీద బిలియర్డ్స్ 8 నంబరు బంతితో జాకెట్ తెచ్చాడు. న్యూయార్క్ అంతా దాని వెంట పడింది. ఆ రోజుల్లో ఆ జాకెట్ కోసం కుర్రాళ్ళని ఆపి దోచుకున్నారు, కొందరి ప్రాణాలు పోయాయి. కొడుక్కి అది కొనిపెట్టడానికి తల్లులు భయపడేవాళ్ళు. ఖరీదైన వస్తువుని ఒంటి మీద వేసుకుని పేద వీధిలో నడవడమంటే అంత ప్రమాదం. లెదర్ ఆకర్షణ గురించి మాట్లాడేటప్పుడు ఆ భయాన్ని పక్కన పెట్టలేం. అది వేసుకుని ఇంటికి క్షేమంగా వచ్చాడంటే ఆ పేటలో అతనికి గౌరవం ఉన్నట్టు లెక్క.

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. జంగిల్ బ్రదర్స్, ఎక్స్ క్లాన్ లాంటి గ్రూపులు బంగారు గొలుసులు తీసేసి మెడలో తోలు బిళ్ళలు వేసుకున్నాయి, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఆఫ్రికా పటంతో. డబ్బు చూపించడానికీ, డబ్బు వద్దనడానికీ కూడా తోలే పనికొచ్చింది!

ఇక మా ఊళ్ళో ఇప్పటి సంగతి. కార్టీ 2020 డిసెంబర్ ఆల్బమ్ తర్వాత ఇక్కడి కుర్రాళ్ళు నల్ల లెదర్, పంక్ బెల్టులు, పొడుగు బూట్లతో తిరుగుతున్నారు. పదిహేడేళ్ళ పిల్లాడికి రన్-డీఎంసీ ఎవరో తెలియకపోవచ్చు, జాకెట్ మాత్రం అదే.

కొత్తపేట_కోరస్

అందరూ బాగా రాశారు, కానీ ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. న్యూయార్క్‌లో చలి ఉంది, చరిత్ర ఉంది. మన దిక్కు రాపర్లు మే నెల ఎండలో వీడియో షూటింగ్ కోసం లెదర్ వేసుకుని చెమటలు కక్కుతుంటే నాకు బాధగా ఉంటుంది. పాటలో గల్లీ గురించి, అమ్మ గురించి చెప్తారు, ఒంటి మీద మాత్రం బ్రాంక్స్. బూమ్‌బాప్ అన్న చెప్పిన ప్రకారం స్టేజికీ వీధికీ అడ్డం తీసేయడమే దాని గొప్పతనం అయితే, మన వీధిలో లేని బట్ట వేసుకోవడం మళ్ళీ వేషమే కదా? మన వీధిలో కుర్రాడు వేసుకునేది షార్ట్, చెప్పులు, క్రికెట్ టీషర్ట్.

బూమ్‌బాప్_బెజవాడ

కోరస్ బ్రో, ఈ ప్రశ్న అడగాల్సిందే. సగం ఒప్పుకుంటాను. వాతావరణానికి పడని బట్ట షోకి మాత్రమే పనికొస్తుంది, నిజం.

కానీ ముంబై ధారావి చూడు. దేశంలో లెదర్ జాకెట్లు, బ్యాగులు కుట్టే పెద్ద పేటల్లో అదొకటి. రోడ్డు పొడుగునా లెదర్ షాపులు, వెనక సందుల్లో వర్క్‌షాపులు. గల్లీ ర్యాప్ బలంగా పుట్టిన చోట్లలో కూడా అదొకటి. డోపాడెలిక్స్ అక్కడి వాళ్ళే, ఎంసీ అల్తాఫ్ అక్కడివాడే. ఆ సందుల్లో పెరిగిన పిల్లాడికి జాకెట్ అంటే అమెరికా టీవీలో చూసింది మాత్రమే అనలేం. పక్కింటివాళ్ళు కుట్టే సరుకు అది. కుట్టేవాడు వేసుకుంటే వేషం ఎలా అవుతుంది?

తంగేడుపూలు

ఈ వేదికలో నేను చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. కానీ కోరస్ తమ్ముడి ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది.

మన దగ్గర తోలు లేదని ఎవరన్నారు? మా తాత లంద పని చేసిన మనిషి. లంద అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి. ఊరి చివర, మా వాడలోనే ఉండేది. సున్నం నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు గీకేవాళ్ళు. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ దంచి వేసిన నీళ్ళలో రోజుల తరబడి ఊరేసేవాళ్ళు. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పువ్వు దేవతకి పోయింది, చెక్క మా లందకి వచ్చింది. దక్షిణాది నుంచి ఓడల్లో ఇంగ్లండ్‌కి వెళ్ళిన తోలు కూడా ఎక్కువగా ఈ తంగేడు చెక్కతో పదును పెట్టిందే. తర్వాత క్రోమియం రసాయనాలతో తోలు పదును పెట్టే క్రోమ్ పద్ధతి వచ్చింది, పని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీలకి పోయింది, మా లందలు ఎండిపోయాయి.

ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు చేసి పెట్టారు మా వాళ్ళు. ఆ చేతుల్ని మాత్రం ఊరు ముట్టుకోలేదు. వాసన అన్నారు. అదే తోలు షోరూంలో జాకెట్ అయి వేలాడితే వాసన చూసి మురిసిపోతారు. న్యూయార్క్‌లో నల్లవాళ్ళు లెదర్ వేసుకుని నిలబడిన ఫొటోలు నేను కాలేజీ రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు నాకు కూల్ అనిపించలేదు. తోలు వేసుకుని తలెత్తుకోవచ్చు అనిపించింది. మా ఇంట్లో తోలు అంటే తల దించుకునే మాట.

చింతకర్ర చట్రానికి మేకతోలు బిగించి, మంట దగ్గర కాచి డప్పు కొడతారు. ఇవాళ తెలుగు ర్యాప్‌లో ఆ డప్పు వినిపిస్తోంది. దాన్ని వాయించే పిల్లాడు లెదర్ జాకెట్ వేసుకుంటానంటే, ఎండ గురించి అడగండి, చెమట గురించి అడగండి. నీది కాదు అని మాత్రం అనకండి.

అట్లాంటా_అక్క

తంగేడుపూలు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను. దయచేసి ఇంకా రాయండి. ముఖ్యంగా ఆ లంద పని గురించి, మీ తాతగారు చెప్పిన వివరాలు మీకు గుర్తున్నంత వరకు. ఇక్కడి పుస్తకాల్లో క్రోమ్ టానింగ్ గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, మన ఊళ్ళ పద్ధతి ఎక్కడా కనిపించదు.

కొత్తపేట_కోరస్

తంగేడుపూలు అన్నా, మీ మాట నేను అడిగిన దానికంటే చాలా లోతుకి వెళ్ళింది. షూటింగ్ కోసం అద్దెకి తెచ్చి వేసుకునేవాళ్ళ మీద నా అభిప్రాయం అలాగే ఉంది. మీరు చెప్పిన పిల్లాడికి అది వర్తించదు. మన డప్పు కళాకారులతో పనిచేసే ర్యాప్ కుర్రాళ్ళు ఎవరైనా, వీపు మీద డప్పు బొమ్మ కుట్టించి, చేతులు లేని పల్చటి మేకతోలు జాకెట్ చేయించుకుంటే ఎలా ఉంటుంది? మన ఎండకి చేతులు లేనిదే నయం.

సూదీదారం

కోరస్ గారూ, చేయొచ్చు. మేకతోలు పల్చగా ఉన్నా గట్టిది, పైన చర్మపు గీతల తీరు అందంగా కనిపిస్తుంది. లైనింగ్‌కి పాలిస్టర్ వద్దు, పల్చటి నూలు గుడ్డ వేయండి. చంక కింద చిన్న రంధ్రాల వరుస కొట్టిస్తే గాలి ఆడుతుంది. డప్పు బొమ్మకి రంగు వేయకుండా, పదును పెట్టిన సహజ రంగు తోలునే గుండ్రంగా కోసి పైన కుట్టండి. కుట్టు మొదలుపెట్టే ముందు పాత గుడ్డతో ఒక నమూనా కుట్టి వేసి చూడండి, తోలు మీద మాత్రం ప్రయోగాలు చేయొద్దు.

బడ్జెట్ తక్కువని రెక్సిన్, పీయూ లాంటి ప్లాస్టిక్ పూత వేసిన నకిలీ తోలు వైపు మాత్రం వెళ్ళకండి. మన తేమకి పీయూ పూత విరిగిపోయి రెండు మూడు వర్షాకాలాల్లో పెచ్చులు ఊడుతుంది. అతికించడం ఎవరి వల్లా కాదు.

క్యాసెట్_కాలం

మొదటి ప్రశ్నకి ఒక్కసారి వెనక్కి వస్తాను. అవిరెక్స్, పెల్లె పెల్లె, ఈ రెండు పేర్లూ 90ల చివర, 2000ల మొదట్లో లెదర్ అంటే మేమే అన్నట్టు ఉండేవి. 1978లో డెట్రాయిట్ వైపు మొదలైన పెల్లె పెల్లె జాకెట్ వీధి రాపర్లందరి ఒంటి మీదా కనిపించేది. డీఎంఎక్స్, అతని బృందం రఫ్ రైడర్స్ బైకుల మీద లెదర్‌తో ఊరేగిన రోజులు కూడా అవే. కొన్నేళ్ళకి ఆ బ్రాండ్ల మోజు తగ్గింది. 2011 టూర్‌లో రాపర్ కాన్యే వెస్ట్ ఏకంగా లెదర్ కిల్ట్, అంటే స్కాట్లండ్ మగవాళ్ళ లంగా లాంటిది, కట్టుకుని స్టేజి ఎక్కాడు. బ్రాండ్లు పడ్డాయి, లెదర్ పడలేదు. బూమ్‌బాప్ గారూ, మీ వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. పాంథర్ల మాట మీద నేనూ వెనక్కి తగ్గను, రెండూ కలిసే పనిచేశాయి.

జెర్సీసిటీ_జూనియర్

అందరికీ థాంక్స్. సూదీదారం అన్న చెప్పినవన్నీ చూశాను. లోపలి జేబు అంచులో పీచు కనిపించింది, అక్షరాల అంచు నున్నగా ఉంది, చంకలో ఊడింది దారమే. బేరమాడి కొనేశాను. ఒకటే టెన్షన్, భుజాలు నాకు కొంచెం పెద్దవి, చేతులు కూడా వేళ్ళ దాకా వస్తున్నాయి. తగ్గించవచ్చా? వేసవిలో ఇంటికి తెస్తే మా రాజమండ్రి తేమలో ఎలా దాచాలి?

సూదీదారం

భుజాలు ముట్టుకోవద్దు తమ్ముడూ. ఆ కాలపు జాకెట్‌కి భుజం జారి ఉండటమే తీరు, పైగా అక్కడ విప్పితే పాత రంధ్రాలు బయటపడతాయి. మణికట్టు దగ్గర అల్లిక పట్టీ ఉంటే, దాన్ని విప్పి చెయ్యి పొడవు కొంచెం తగ్గించి అదే పట్టీ మళ్ళీ వేయమను. లెదర్ పని తెలిసినవాడి దగ్గరికే వెళ్ళు, మామూలు మిషన్ పాదం తోలుని పట్టేసి లాగేస్తుంది.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరులో పెట్టొద్దు, బూజు పడుతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి పైన పాత నూలు పంచె కప్పమని అమ్మగారికి చెప్పు. వానాకాలంలో వారానికోసారి ఫ్యాను కింద గాలికి పెట్టాలి, ఎండలో మాత్రం వద్దు. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్ది నాలుగుసార్లు లాగు.